గీత పడ్డాక ఏమవుతుంది?

ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు వీధిలోకి వస్తే పిల్లలంతా చుట్టూ మూగేవారు. నేలలో చిన్న గొయ్యి, అందులో బొగ్గులు, పక్కన తోలు తిత్తి. గిన్నెను బాగా తోమి, నిప్పుల మీద కాల్చి, లోపల చిటికెడు నవాసారం చల్లితే ఘాటైన తెల్లటి పొగ గుప్పున లేచేది. వెంటనే తగరం ముక్క అద్ది, దూదితో చుట్టూ తిప్పేసరికి గిన్నె లోపలంతా వెండిలా మెరిసేది. ఆ పూత అరిగిపోయిందా, అందులో చారు కాచినా పెరుగు తోడుపెట్టినా చిలుమే.

తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కనుక వీధిలోనే పని అయిపోయేది. అసలు కిటుకంతా నవాసారంలో ఉంది. వేడికి అది విడిపోయి పుట్టే ఆమ్లం, ఇత్తడిని కప్పేసిన ఆక్సైడు పొరను తినేస్తుంది. అలా శుభ్రపడిన లోహాన్నే తగరం పట్టుకుంటుంది. లేదంటే తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది.

కరెంటు టవర్ల ఉక్కుకు జింకు పూసే గాల్వనైజింగ్ కర్మాగారంలోనూ ఇదే వరస. ఉక్కును ముందు ఆమ్లం తొట్టిలో ముంచి తుప్పు వదిలిస్తారు. ఆ తర్వాతి తొట్టిలో జింక్ క్లోరైడుతో పాటు ఉండేది ఈ నవాసారమే. చివరికి 450 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న జింకులో ముంచి తీస్తారు. అక్కడ ఇనుము, జింకు కలిసిపోయి మిశ్రలోహపు పొరలు ఏర్పడతాయి. ఫ్రాన్సుకు చెందిన స్తానిస్లా సోరెల్ 1837లోనే ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు.

జింకు విలువ గీత పడ్డాక తెలుస్తుంది. పెయింటు మీద గీత పడితే తడి లోపలికి పాకుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెయింటును పైకి లేపి పెచ్చులూడగొడుతుంది. జింకు అలా కాదు. తడి తగిలితే ఇనుము కన్నా ముందు తానే కరిగిపోతూ, గీతలో బయటపడ్డ ఇనుమును కాపాడుతుంది. అదే తగరం పూసిన ఇనుప రేకును గీసి వానలో వదిలేస్తే కథ తిరగబడుతుంది: తగరం నిలుస్తుంది, ఇనుమే ముందు తుప్పు పడుతుంది. గిన్నెకు మేలుచేసిన పూతే ఇక్కడ కీడు చేస్తుంది! జింకు కాపలా కూడా శాశ్వతం కాదు. ఉప్పుగాలి తగిలే విశాఖ తీరంలో అది లోపలి ఊళ్లలో కన్నా త్వరగా అరిగిపోతుంది.

తుప్పు ఒక్కటే శత్రువు కాదు, రాపిడి కూడా ఉంది. జేసీబీ చెయ్యి లేచినప్పుడల్లా అద్దంలా మెరుస్తూ బయటికొచ్చే రాడ్డు మీద ఉన్నది గట్టి క్రోమియం పూత. మట్టి, రాళ్లపొడి మధ్య రోజంతా ఆడే ఆ రాడ్డుకు గీత పడితే సీలు చిరిగి ఆయిలు కారుతుంది. అయితే ఆ పూత వేసే తొట్టిలోని హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ తెచ్చే విషం. రాడ్డు నున్నగా ఉండాలని, దాన్ని తయారుచేసే మనిషి ఊపిరితిత్తులను పణంగా పెట్టడం న్యాయం కాదు.

అందుకే విమానాల చక్రాల కాళ్లకు టంగ్‌స్టన్ కార్బైడు పొడిని మహావేగంతో కొట్టి అతికించే పద్ధతులు వచ్చాయి. హైదరాబాదు శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం కృషి చేసిన డిటొనేషన్ స్ప్రే పద్ధతి అలాంటిదే. గొట్టంలో ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిపి పేలుస్తారు. ఒక్కో పేలుడుకు కాగిన పొడి తుపాకీ గుండులా దూసుకెళ్లి లోహానికి అతుక్కుంటుంది. అంతకుముందు ఆ లోహాన్ని గరుకు రేణువులతో కొట్టి శుభ్రంగా, గరుగ్గా చేస్తారు. అలా సిద్ధమైన ముక్కను ఒట్టి చేత్తో తాకనివ్వరు. వేలి జిడ్డు అంటినచోట పూత పట్టు తప్పుతుంది.