గోల్ఫు మైదానము: శిల్పుల పొరపాట్లు

ఆటలకు మన ఉత్తరాంధ్ర జిల్లాలు కొత్త కాదు. వీరఘట్టములో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారి బలప్రదర్శనలను గురించి పెద్దలు నేటికిని చెప్పుకొందురు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్టు జట్టుకు విజయనగరపు మహారాజకుమారుడు నాయకత్వము వహించినారు. ఆముదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరిగారు 2000 సంవత్సరములో సిడ్నీ ఒలింపిక్సునుండి కంచు పతకము తెచ్చినారు. అయినను గోల్ఫు మాట వచ్చుసరికి, అది దొరల ఆట, పెద్ద ఉద్యోగుల ఆట అన్న తలపే మనలో చాలమందికి ఉన్నది. వాల్తేరులోని ఈస్ట్ పాయింట్ గోల్ఫు క్లబ్బు మైదానమును బయటినుండి చూచినవారే గాని, లోపల ఏమి జరుగునో ఎరిగినవారు తక్కువ. ఆ ఆట ఆడు విధానమును చెప్పుట నేటి ప్రసంగమునకు ఉద్దేశము కాదు. ఆ మైదానమును తీర్చిదిద్దు విద్యలో ఒక పాఠమున్నది. గోల్ఫు కర్ర ఎన్నడును పట్టనివారికి కూడ అది పనికివచ్చునని నా నమ్మకము.

చిన్నతనములో గోలీలాట ఆడనివారుండరు. నేలలో చిన్న గుంట తీసి, దూరమునుండి గోలీని అందులో పడవేయుటయే పందెము. గోల్ఫు కూడ మూలములో ఇట్టిదే. వ్రేలికి బదులు పొడవైన కర్ర; బారెడు దూరమునకు బదులు నూరు మొదలు ఆరునూరు గజముల దూరము. గుంట వెడల్పు మాత్రము నాలుగుంబావు అంగుళములే. బంతిని మొదట కొట్టు తిన్నె, నడుమ వెడల్పైన పచ్చికబాట, చివర చాపవలె నున్నగా కత్తిరించిన పచ్చిక అరుగు, ఆ అరుగుపై గుంట. తిన్నెనుండి గుంటవరకు గల ఈ మొత్తమునకు కూడ ఆటగాండ్రు ‘గుంట’ అనియే పేరు పెట్టినారు. ఇట్టివి పూర్తి మైదానమునకు 18 ఉండును. దారిలో ఇసుకగోతులు, వాగులు, చెట్లు అడ్డుపడుచుండును. అన్నిటిని దాటి, ఎంత తక్కువ దెబ్బలలో బంతిని గుంటలో వేసిన అంత గొప్ప.

ఈ ఆట పుట్టిన స్కాట్లండులో మొదట మైదాన శిల్పి అనువాడు లేడు. సముద్రమునకును సాగుభూమికిని నడుమ పంటకు పనికిరాని ఇసుకదిబ్బల నేలయే మైదానము. భీమునిపట్నమునుండి బారువవరకు మన తీరము వెంబడి, మొగలిపొదలును సరుగుడు తోటలును ఉన్న ఇసుక నేలను తలచుకొన్నచో ఆ దృశ్యము కొంతవరకు కన్నులకు కట్టును. గాలి దిబ్బలు పోసినది. గొఱ్ఱెలు చలిగాలికి ఒదిగి పడుకొన్నచోట గోతులు పడినవి. మనుష్యులు నడిచినచోట బాటలు తేలినవి. సెయింట్ ఆండ్రూస్‌లోని ప్రాచీన మైదానము ఇట్లే శతాబ్దాల తరబడి ఏర్పడినది. అనుకూలము కానిది కాలక్రమమున మారిపోయినది, నచ్చినది నిలిచినది.

తరువాత ఈ ఆట సముద్రతీరమును విడిచి లోతట్టు దేశములకు ప్రాకినది. మన దేశములోనే కలకత్తాలో 1829లో క్లబ్బు వెలసినది. బ్రిటను వెలుపల అంతకంటె పాతది లేదు. ప్రకృతి సిద్ధము చేయనిచోట మనిషి సిద్ధము చేయవలసివచ్చినది. అప్పుడు మైదాన శిల్పము ఒక వృత్తి అయినది. ఆ వృత్తిలో మిక్కిలి పేరుగన్నవారిలో అలిస్టర్ మెకంజీ ఒకరు. ఆయన చదివినది వైద్యము. దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధమునకు వెళ్ళి, అక్కడి రైతుయోధులు నేలలో కలిసిపోయి దాగుకొను నేర్పును గమనించినారు. ఆ నేర్పునే మైదానములకు తెచ్చి, మనిషి చేసిన మార్పు ప్రకృతి చేసినట్లే కనబడవలెనన్నారు. 1920లో ప్రచురించిన గ్రంథములో ఆయన 13 సూత్రములు చెప్పినారు.

ఆ సూత్రములనుబట్టి చూచినచో చెడ్డ గుంట అనగా ఏమో తెలియును. కష్టమైనది చెడ్డది కాదు. సులభమైనది మంచిదియు కాదు. మంచి దెబ్బకును చెడ్డ దెబ్బకును ఒకే ఫలము దక్కు గుంట చెడ్డది. అరుగు కంటికి కనబడక, బంతిని ఎటు పంపవలెనో ఊహించుకొనవలసివచ్చు గుంట చెడ్డది. బలవంతునికి సాహసపు దారియు, బలహీనునికి చుట్టుదారియు ఉండక, అందరిని ఒకే ఇరుకులో త్రోయు గుంట చెడ్డది. వాన కురిసిన తరువాత నీరు నిలిచి ఆట సాగనీయని గుంట చెడ్డది. ఆటగానికి ఆలోచించు అవకాశము ఇచ్చుటయే వీనిలో ప్రధానమైన సూత్రము.

ఇంత తెలిసిన మెకంజీగారే పొరపాట్లు చేసినారా? చేసినారు. అమెరికాలో జార్జియా రాష్ట్రమున ఆగస్టా నేషనల్ మైదానమును, ప్రసిద్ధ ఆటగాడైన బాబీ జోన్స్‌తో కలిసి, ఆయనయే రూపొందించినారు. 1933లో అది ప్రారంభమైనది. 1934 జనవరిలో ఆయన కన్ను మూసినారు. ఆ సంవత్సరము మార్చిలో జరిగిన మొదటి పోటీని కూడ చూడలేదు. తాను గీసినది ఆటలో ఎట్లు నిలుచునో పరీక్షించు అదృష్టము ఆయనకు దక్కలేదు.

ఇప్పుడు పదవ గుంటగా లెక్కించు దానిలో అరుగును ఆయన పల్లములో పెట్టినారు. అక్కడ నీరు ఇంకెడిది కాదు. 1937లో పెరీ మాక్స్‌వెల్ అను శిల్పి అరుగును వెనుకనున్న మెరకకు జరిపినారు. పాత అరుగు ప్రక్కన మెకంజీ తవ్వించిన పెద్ద ఇసుకగొయ్యి మాత్రము ఉన్నచోటనే, బాట నడుమ మిగిలిపోయినది. ఇప్పుడది అరుగునకు చాల దూరములో నున్నది. సామాన్యముగా ఏ బంతియు దానిలో పడదు. చూచుటకు అందముగా నుండునని ఉంచినారు. పొరపాటును దిద్దిన చోట దాని గుర్తు కూడ ఇట్లు నిలిచినది.

ఏడవ గుంట కథ వేరు. దానిని సెయింట్ ఆండ్రూస్‌లోని చివరి గుంట తీరున, ఇసుకగొయ్యి ఒక్కటియు లేకుండ, పొట్టిగా ఉంచినారు. స్కాట్లండు గాలిలోను, అక్కడి గట్టి నేలమీదను రాణించిన ఆ రూపము జార్జియాలో పస లేనిదైనది. మొదటి పోటీలో గెలిచిన హోర్టన్ స్మిత్ దీనిని మార్చవలెనని సూచించినారు. 1938లో అరుగును గట్టుమీదికి ఎక్కించి ముందు ఇసుకగోతులు తవ్వినారు. ఒకచోట మొలిచిన విత్తు వేరొకచోట అదే పంట ఇవ్వకపోవచ్చునని రైతుకు చెప్పనక్కరలేదు.

పదునారవ గుంట మొదట సన్నని వాగుమీదుగా కొట్టు చిన్న గుంట. దానిని 1947లో రాబర్ట్ ట్రెంట్ జోన్స్ అను శిల్పి, బాబీ జోన్స్ సమ్మతితో, పూర్తిగా మార్చినారు. ఈ ఇద్దరు జోన్సులకు బంధుత్వము లేదు. వాగునకు బదులు చెరువు వెలసినది. అరుగు ఒకవైపునుండి వేరొకవైపునకు వాలుగా రూపొందినది. ఆ వాలు అక్కరకు వచ్చిన ఘట్టములలో ఒకటి తెలుగువారు సంతోషింపదగినది. హైదరాబాదునుండి అమెరికా వెళ్ళిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల, 2023లో తొలిసారి ఆ పోటీలో ఆడినప్పుడు, చివరి దినమున ఈ పదునారవ గుంటవద్ద అరుగు వెలుపలినుండి బంతిని మెల్లగా లేపి వాలుమీద వదలినాడు. అది మలుపు తిరిగి, దొరలి దొరలి గుంటలో పడినది. 2005లో టైగర్ వుడ్స్ అదే గుంటవద్ద చేసిన అద్భుతమును అది అందరికి గుర్తు చేసినది. నేలవాలును చదివినవానికి ప్రతిఫలము దక్కినది. మంచి గుంట చేయవలసిన పని అదియే.

అంతటి మార్పును చేసిన ట్రెంట్ జోన్స్ కూడ విమర్శను తప్పించుకొనలేదు. మిన్నెసోటా రాష్ట్రములో ఆయన నిర్మించిన హేజల్‌టీన్ మైదానము 1962లో ప్రారంభమైనది. 1970లో అక్కడ అమెరికా జాతీయ పోటీ జరిగినది. మొదటి దినమున పెనుగాలి వీచినది. ఆ కాలపు మహావీరులలో పామర్ 79, ప్లేయర్ 80, నిక్లాస్ 81 దెబ్బలు తీసికొన్నారు. గాలియొక్కటే కారణము కాదు. చాల బాటలు మోచేతివలె వంగియుండి, దెబ్బ కొట్టుచోటికి బంతి పడవలసిన తావు కనబడెడిది కాదు. ఇంగ్లండు ఆటగాడు టోనీ జాక్లిన్ ఒక్కడే నిర్ణీత సంఖ్యకు లోబడి ముగించి, ఏడు దెబ్బల ఆధిక్యముతో గెలిచినాడు. రెండవ స్థానము పొందిన డేవ్ హిల్ బాహాటముగా పరిహసించి, ఆ మైదానమునకు మొక్కజొన్న పొలమును కొన్ని ఆవులును కావలెనను భావము వచ్చునట్లు మాటలాడినాడు. అందుకు ఆయనకు 150 డాలర్లు జరిమానా పడినది.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. జరిమానా పడినది గాని మాట వృథా కాలేదు. క్లబ్బువారు మైదానమును దిద్దించుకొన్నారు. శిల్పి కుమారుడైన రీస్ జోన్స్ కూడ తరువాత ఆ పనిలో చేయి వేసినారు. ఆక్షేపణ పొందిన చివరి గుంటల వరుస మారినది; పదునారవ గుంట సరస్సు అంచున నిలిచినది. 1991లో జాతీయ పోటీ తిరిగి అక్కడికి వచ్చినది. ఏ మైదానమును గేలి చేసినారో దానినే ఆటగాండ్రు ఆదరించినారు. దూషణలో కూడ నిజమున్నచో దానిని వేరుచేసి తీసికొన్నవాడు బాగుపడును.

అయితే ప్రతి ఫిర్యాదును దోషముగా తీసికొనరాదు. ఫ్లోరిడాలో పీట్ డై నిర్మించిన సాగ్రాస్ మైదానముమీద 1982లో మొదటి పోటీ జరిగినప్పుడు, అరుగులు మితిమీరిన ఎగుడుదిగుడులతో నున్నవనియు, మంచి దెబ్బ కూడ నిలువదనియు ఆటగాండ్రు గోల చేసినారు. గెలిచిన జెర్రీ పేట్ పోటీల అధికారిని, శిల్పిని కూడ చెరువులో త్రోసి, తానును దూకినాడు. అది వినోదమే కావచ్చును, కాని పలువురి మనస్సులోని మాట. తరువాత అరుగులను మెత్తబరచినారు. ఆ మైదానముననే నాలుగువైపుల నీటిలో ద్వీపమువలె నున్న పదునేడవ గుంట మాత్రము అట్లే నిలిచినది. చుట్టునున్న మంచి ఇసుకను ఇతర గుంటలకు తవ్వి తీయగా పెద్ద గొయ్యి మిగిలినది. దానిని నీటితో నింపి నడుమ అరుగు నిలుపుమని శిల్పి భార్య ఆలిస్ డై సలహా ఇచ్చినారు. మెకంజీ సూత్రమునుబట్టి చూచిన అది చెడ్డ గుంటయే, ప్రక్కదారి లేదు. కాని దూరము తక్కువ, లక్ష్యము కన్నులయెదుట స్పష్టము. ప్రేక్షకులు దానిని చూచుటకే విరగబడుదురు. సెయింట్ ఆండ్రూస్‌లో కూడ పదునేడవ గుంటవద్ద పాత రైలు షెడ్ల రూపమున నిలిపిన కట్టడముమీదుగా, బాట కనబడకుండగనే బంతి కొట్టవలెను. దానిని ఎవరును మార్చుమనరు. సూత్రమును ఎరిగి దాటుట వేరు, ఎరుగక తప్పుట వేరు.

మరి గొప్పవారు ఎందుకు పొరపాటు పడుదురు? కారణములు చిత్రమైనవి కావు. స్థలము ఇరుకైనప్పుడు పదునేడు గుంటలు చక్కగా అమరి, పదునెనిమిదవది మూలకు ఒదుగవలసివచ్చును. యజమానికి కంటికింపైన దృశ్యము కావలెను, శిల్పి కాదనలేడు. ఒకేసారి పలుచోట్ల పని పెట్టుకొన్నవాడు నేలమీద తిరుగుటకు బదులు పటముమీద తిరుగును. పటమునకు వాన తెలియదు, గాలి తెలియదు. కాలము కూడ మారును: కర్రలు, బంతులు మెరుగై ఒకనాటి కష్టమైన దూరము మరొకనాటికి చులకన అగును. వీటన్నిటికంటె పెద్ద కారణము పేరే. పేరున్నవాని పటమును ప్రశ్నించుటకు ప్రక్కవాడు జంకును.

నా చిన్నతనములో మా ఊరి చెరువునకు కొత్త మదుము కట్టినారు. పటము గీసినవారు చాల చదివినవారని చెప్పుకొన్నారు. పునాది తీయుచుండగా ఒక ముసలి రైతు వచ్చి, “బాబూ, మదుము ఎత్తైపోయింది, కడపటి నీరు చేనెక్కదు” అన్నాడు. నవ్వి ఊరకున్నారు. ఆ యేడు చెరువులో మోకాలిలోతు నీరుండగానే దిగువ మళ్ళు ఎండినవి. మా మడి కూడ వానిలో ఒకటి. రెండేండ్ల తరువాత మదుమును విప్పి దించినారు. అప్పుడు నీరు సాగినది. కాని ఆ రెండు పంటలు మరల రాలేదు.

ఆగస్టాలో గుంట మార్చినచో నష్టపడునది ఒక సంపన్న క్లబ్బు. మన జిల్లాలలో చెరువు, రోడ్డు, బడి, ఆటస్థలము తప్పుగా కట్టినచో నష్టపడువాడు వేరు. వానికి రెండవసారి కట్టించుకొను స్తోమత లేదు. రేపు మన తీరమున గోల్ఫు మైదానమే వెలసినను అడుగవలసిన ప్రశ్నలు అవియే: ఎండకాలములో పచ్చికకు నీరు ఎక్కడిది? వానకాలపు నీరు ఎటు పోవును? ఆ దారిన నిత్యము నడుచువారిని అడిగినారా? శిల్పి పేరు ఈ ప్రశ్నలకు జవాబు కాదు. మెకంజీ గొప్పతనము ఆయన గుంటలను దిద్దినందువల్ల తగ్గలేదు. దిద్దుకొనుటకు సిద్ధపడినవారివల్లనే ఆయన మైదానము నేటికిని నిలిచియున్నది. పటము పూర్తియైననాడు పని సగమే అయినదనియు, మిగిలిన సగము దానిని వాడుకొనువారు చెప్పవలసినదనియు గ్రహించినచో, మన మదుములు కూడ సరియైన ఎత్తున నిలుచును.