చర్చికి రానన్న అమ్మాయి

1842 జనవరి 2, ఆదివారం. ఇంగ్లండులోని కొవెంట్రీ పట్టణం. రాబర్ట్ ఇవాన్స్ చర్చికి బయల్దేరాడు. కూతురు మాత్రం రానంది. ఒంట్లో బాగోలేక కాదు... నమ్మకం లేక!

ఆ అమ్మాయి మేరీ ఆన్ ఇవాన్స్. అప్పటికి 22 ఏళ్లు. తర్వాత 'జార్జ్ ఇలియట్' అనే మగ పేరుతో నవలలు రాసి ఆంగ్ల సాహిత్యంలో చెరగని ముద్ర వేసింది ఆమే.

నిజానికి చిన్నప్పుడు ఆమె భక్తి అంతా ఇంతా కాదు. సరదాలకు దూరంగా ఉండేది. నవలలు చదివితే మనసు పాడవుతుందనీ నమ్మేది! 1841లో తండ్రితో కొవెంట్రీ వచ్చాక బ్రే దంపతులతో స్నేహం కుదిరింది. శ్రీమతి బ్రే సోదరుడు చార్లెస్ హెన్నెల్ క్రైస్తవం పుట్టుక గురించి రాసిన పుస్తకాన్ని చదివింది. సువార్తల్ని చరిత్రగా పరిశీలించి, మహిమల్ని పక్కన పెట్టిన పుస్తకమది. ఆమెలో అప్పటికే ఉన్న సందేహాలకు బలం చేకూరింది.

తండ్రి మండిపడ్డాడు. అసలే పెళ్లి కావాల్సిన పిల్ల. కొవెంట్రీ ఇల్లు వదిలేసి వెళ్లిపోయేందుకూ సిద్ధపడ్డాడు. ఎదురుగా నిలబడి చెప్పలేని మాటల్ని ఆమె ఉత్తరంలో రాసింది. క్రీస్తు నీతిబోధలంటే తనకెంతో గౌరవమనీ, బైబిలు గ్రంథాల్లో నిజంతోపాటు కల్పనా ఉందన్నది తన అభిప్రాయమనీ, నమ్మనిదాన్ని నమ్ముతున్నట్టు నటించలేననీ దాని సారాంశం. కొన్ని వారాలు అన్నయ్య ఐజాక్ ఇంట్లో గడిపింది. చివరికి రాజీ కుదిరింది. ఆమె తండ్రితో చర్చికి వెళ్తుంది. అక్కడ కూర్చుని ఏం ఆలోచించాలన్నది ఆమె ఇష్టం!

ఓడిపోయానని ఆమె అనుకోలేదు. ఆలోచనలు కలవకపోయినా మనుషుల్ని కలిపి ఉంచేది అనురాగమేనని మరుసటి ఏడాది స్నేహితురాలికి రాసింది. 1849లో తండ్రి కన్నుమూసేదాకా మంచం పక్కనే ఉండి సేవ చేసింది.

వదిలేసినా... వదల్లేదు

నమ్మకం పోయింది కదా అని ఆమె మతాన్ని మర్చిపోలేదు. డేవిడ్ స్ట్రాస్ జర్మన్‌లో రాసిన క్రీస్తు జీవిత పరిశీలనను ఇంగ్లిషులోకి తెచ్చింది. మూడు సంపుటాల ఆ పుస్తకం 1846లో వెలువడింది. దానిమీద అనువాదకురాలి పేరే లేదు. ప్రతిఫలం 20 పౌన్లు. శిలువ ఘట్టాన్ని విడదీసి విశ్లేషించే పేజీలు ఆమెను కలచివేశాయి. ఎదురుగా క్రీస్తు ప్రతిమ పెట్టుకుని, దాన్ని చూస్తూ ఆ పని పూర్తిచేసింది.

1855లో జాన్ కమ్మింగ్ అనే పేరున్న బోధకుణ్ని ఓ వ్యాసంలో ఉతికి ఆరేసింది. దేవుణ్ని నమ్ముతున్నాడని కాదు, సత్యం పట్ల పట్టింపు, సాటి మనిషి పట్ల కరుణ లేవని!

మరి నిజమైన భక్తులు కనపడితే? మనసారా గౌరవించింది. ఆమె అత్తయ్య ఒకరు మెథడిస్టు బోధకురాలు. బిడ్డను చంపిన నేరానికి ఉరిశిక్ష పడిన ఓ యువతికి చివరిదాకా తోడుగా ఉండి ధైర్యం చెప్పింది. ఆమె నోట విన్న ఆ సంగతే 1859లో 'ఆడమ్ బీడ్' నవలకు బీజమైంది. అందులోని బోధకురాలు డైనా ఎంత ప్రేమగా ఉంటుందంటే... రాసినామెకు నమ్మకం లేదంటే నమ్మడం కష్టం.

ఆమె జీవితం లోకానికి మింగుడుపడలేదు. పెళ్లైన జార్జ్ లూయిస్‌తో 1854 నుంచి కలిసి బతికినందుకు అన్నయ్య రెండు దశాబ్దాలకు పైగా మాట్లాడలేదు. 1880 డిసెంబరులో ఆమె చనిపోయినప్పుడు వెస్ట్‌మినిస్టర్ అబేలో సమాధి చేయాలని మిత్రులు ఆశపడినా, కుదరలేదు. హైగేట్ శ్మశానంలో ఖననం చేశారు.

సరిగ్గా వందేళ్లకు, 1980లో, అదే అబేలోని కవుల మూలలో ఆమె పేరుతో స్మారక ఫలకం వెలిసింది. చర్చికి రానన్న అమ్మాయి పేరు ఇప్పుడు చర్చిలోనే ఉంది!