బూత్‌కి రెండు ఓట్లు

మన సంఘం వేదిక మీద రాజకీయాలు మాట్లాడకూడదని నియమం. (సంఘం ఎన్నికలు ఆ నియమం కిందికి రావు, ఆ కురుక్షేత్రం సంగతి మనందరికీ తెలుసు!) అందుచేత అధ్యక్ష ఎన్నికల్లో నేను ఎవరికి ఓటు వేశానో చెప్పను, మిమ్మల్నీ అడగను. కాని ఇరవై ఏళ్ళకు పైగా మిషిగన్ ఉప్పు తింటున్నవాణ్ణి, వృత్తిరీత్యా ఇంజనీరుని, అంకెలు కనబడితే కాలిక్యులేటరు తీయకుండా ఉండలేను. 2016లో మా రాష్ట్రం ఇచ్చిన తీర్పు చూశాక, "మన ఒక్క ఓటుతో ఏమవుతుందండీ!" అని ఎవరైనా అంటే నాకు పట్టరాని చికాకు.

లెక్క ఇది. ట్రంప్‌కి 22,79,543 ఓట్లు. హిల్లరీ క్లింటన్‌కి 22,68,839. తేడా 10,704. శాతంలో చూస్తే ఆ ఏడాది దేశం మొత్తంలో ఇంతకంటే తక్కువ తేడా ఏ రాష్ట్రంలోనూ రాలేదు. నవంబరు 8న పోలింగు జరిగితే, మా రాష్ట్రం ఫలితం అధికారికంగా ఖరారయ్యేసరికి నవంబరు 28 వచ్చింది. మా దగ్గర పోలింగు బూత్‌లు దాదాపు 4,800. భాగిస్తే బూత్‌కి రెండు ఓట్ల పైచిలుకు. ఇంకో మెట్టు దిగండి. అటు వేసినవారిలో 5,353 మంది ఇటు వేసి ఉంటే ఫలితం తారుమారయ్యేది, అంటే బూత్‌కి ఒకరు చొప్పున. ఆ చిన్న తేడాతోనే 16 మంది ఎలక్టర్లూ ఒక పక్షానికి వెళ్ళిపోయారు, ఎందుకంటే గెలిచినవారికే మొత్తం కట్టబెట్టడం మా రాష్ట్రం పద్ధతి. ఇది ఎప్పుడూ ఇలాగే లేదు సుమండీ. 1892లో మిషిగన్ తన ఎలక్టర్లను జిల్లాల వారీగా ఎన్నుకుంది. దానిమీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, అది చెల్లుతుందని కోర్టు తీర్పు చెప్పింది. హారిసన్‌కి 9, క్లీవ్‌లండ్‌కి 5 పంచి ఇచ్చి, మళ్ళీ పాత పద్ధతికి వెళ్ళిపోయారు!

1992 నుంచి 2012 దాకా వరుసగా ఆరుసార్లు డెమొక్రాట్లని గెలిపించిన రాష్ట్రం ఎందుకు ఇటు తిరిగింది? నేను పనిచేసే చోట డైలు తయారుచేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, నివాసం మకోంబ్ కౌంటీ. ఒబామాకి రెండుసార్లు ఓటు వేశాడు, 2016లో ట్రంప్‌కి వేశాడు. 1994లో నాఫ్టా ఒప్పందం అమల్లోకి వచ్చాక తను పనిచేసిన షాపులు ఒక్కొక్కటే ఎలా మూతపడ్డాయో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేవాడు. "నేను పార్టీ మారలేదు, పార్టీ నా వీధి నుంచి ఇల్లు మారింది" అనేవాడు. ఆ కౌంటీ తీరే అంత. 1960లో కెనెడీకి బ్రహ్మరథం పట్టింది, 1984లో రీగన్‌కి మూడింట రెండు వంతుల ఓట్లు వేసింది. 2012లో ఒబామాకి 16 వేల ఆధిక్యం, 2016లో ట్రంప్‌కి 48 వేల ఆధిక్యం. రాష్ట్రం మొత్తం తేడాని ఆ ఒక్క కౌంటీ ఆరుసార్లు మింగేస్తుంది.

కాని నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి పడని ఓట్లు. డెట్రాయిట్ నగరంలో డెమొక్రాట్ అభ్యర్థికి 2012లో వచ్చినదానికంటే 2016లో సుమారు 47 వేల ఓట్లు తక్కువ వచ్చాయి. అవన్నీ ట్రంప్‌కి వెళ్ళలేదు, నగరం మొత్తంలో ఆయనకి పడినవి ఎనిమిది వేలు కూడా లేవు. జనాభా తగ్గడం కొంత, మిగతావారు ఇంట్లోనే ఉండిపోయారు. రాష్ట్రం మొత్తం మీద మరో 75,335 మంది బూత్ దాకా వచ్చి, లేదా పోస్టులో కాగితం పంపి, అధ్యక్ష పదవి గడిని మాత్రం ఖాళీగా వదిలేశారు. తేడాకి ఏడు రెట్లు!

ఆ ఖాళీ గడుల్లో ఒకటి ఎవరిదో నాకు తెలుసు. ఆ ఏడు నేను ఓక్లండ్ కౌంటీలో మా బూత్‌లో ఎన్నికల ఇన్‌స్పెక్టరుగా కూర్చున్నాను. (బూత్‌లో రెండు పార్టీల వాళ్ళూ ఉండాలి కనుక దరఖాస్తులో పార్టీ పేరు రాయాలి. ఏది రాశానో చెప్పనని ముందే మాటిచ్చాను.) మధ్యాహ్నం పూట ఒక మామ్మగారు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. ఇంగ్లీషు చదవలేనివారు తమకు నచ్చిన మనిషిని సాయం తెచ్చుకోవచ్చునని ఇక్కడ చట్టం ఉంది, యజమాని, యూనియన్ ప్రతినిధి తప్ప ఎవరైనా సరే. మా బ్యాలెట్ కాగితం రెండు వైపులా ఉంటుంది. అధ్యక్షుడి దగ్గర మొదలుపెట్టి యూనివర్సిటీ పాలకమండళ్ళు, జడ్జీలు, కాలువలూ మురుగునీరూ చూసే కమిషనరు దాకా అందరినీ ఓటుతోనే ఎన్నుకోవాలి. మామ్మగారు అరగంట కూర్చుని, కాగితం మిషన్లో పెట్టి, నా దగ్గరకొచ్చారు.

"సిరా ఏదీ నాయనా?"

"ఇక్కడ సిరా పెట్టరు మామ్మగారూ, స్టిక్కరు ఇస్తాం."

"సరే, అదే ఇయ్యి. పైనున్న వాళ్ళెవరూ నాకు నచ్చలేదు, వదిలేశాను. ఆ కాలవలాయనకి మాత్రం వేశాను. మొన్న వానకి మా బేస్‌మెంటు మునిగిందిగా!"

ఇక్కడ ఆ మాట పైకి అనకూడదని చెప్పేలోపే ఆవిడ తలుపు దాకా వెళ్ళిపోయారు. ఆవిడ "మొన్న" అన్నది 2014 ఆగస్టు నాటి కుంభవృష్టి. నాకు నవ్వు వచ్చిన మాట నిజమే కాని, తర్వాత ఆలోచిస్తే ఆవిడ లెక్క ఆవిడకి ఉంది. తన గుమ్మం దాకా వచ్చిన నీటికి ఎవరు జవాబుదారో తెలుసుకుని వేసిన ఓటు అది. మనలో ఎంతమందికి ఆ కమిషనరు పేరు తెలుసు చెప్పండి?

2020లో కథ తిరగబడింది. బైడెన్ 1,54,188 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. కోవిడ్ భయం వల్ల 33 లక్షల పైచిలుకు ఓట్లు పోస్టులోనో, పెట్టెలోనో వచ్చాయి, వాటిని ముందుగా లెక్కపెట్టడానికి అప్పటి చట్టం ఒప్పుకోలేదు. బూత్ ఓట్ల లెక్క ముందు, ఆ కవర్ల లెక్క తరువాత. దాంతో రాత్రి ఆధిక్యంలో ఉన్నవారు తెల్లారేసరికి వెనకబడ్డారు, డెట్రాయిట్ లెక్కింపు కేంద్రం అద్దాలు బాదే దాకా వెళ్ళింది వ్యవహారం. రిపబ్లికన్ల ఆధిపత్యంలో ఉన్న మా రాష్ట్ర సెనేట్ కమిటీయే విచారణ జరిపి, ఫలితాన్ని మార్చే మోసమేదీ కనబడలేదని 2021 జూన్‌లో నివేదిక ఇచ్చింది. ఇంకో తమాషా, అందరూ వేలెత్తి చూపిన డెట్రాయిట్‌లో ట్రంప్ ఓట్లు 2016 కంటే పెరిగాయి. అసలు తేడా తెచ్చినది శివార్లు. ఓక్లండ్ కౌంటీలో డెమొక్రాట్ల ఆధిక్యం 54 వేల నుంచి లక్షా ఎనిమిది వేలకు, అంటే సరిగ్గా రెట్టింపుకి పెరిగింది. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్... మన గుళ్ళు, మన బడ్డీకొట్లు, మన సంక్రాంతి ముగ్గుల పోటీలు ఎక్కడున్నాయో అక్కడ! అది మన వల్లే జరిగిందని నేను అనను, అలా అనడానికి నా దగ్గర లెక్క లేదు. కాని రాష్ట్రంలో భారతీయ మూలాలున్నవారు 2010 జనాభా లెక్కల్లోనే డెబ్బై వేలు దాటారు. 10,704 పక్కన ఆ అంకె పెట్టి చూడండి.

2024లో మళ్ళీ తిరిగింది, ట్రంప్‌కి 80 వేల ఆధిక్యం. ఒకవైపు తమిళ తల్లి కూతురు కమలా హారిస్, మరోవైపు ఉషా వాన్స్ పుణ్యమా అని పశ్చిమ గోదావరి వడ్లూరు కూడా వార్తల్లోకెక్కింది, మా వాట్సాప్ గుంపుల్లో వియ్యాలవారి తగువులు సాగాయి. గాజా యుద్ధం మీద కోపంతో, 2020లో బైడెన్‌కి పెద్ద ఆధిక్యం ఇచ్చిన డియర్‌బోర్న్ పట్టణంలో ఈసారి ట్రంప్ మొదటి స్థానంలో నిలిచారు. అదే రోజు అదే కాగితం మీద సెనేట్ పదవికి డెమొక్రాట్ ఎలిసా స్లాట్‌కిన్ 19 వేల ఓట్లతో గెలిచారు. ట్రంప్‌కి వచ్చిన ఓట్లకంటే ఆయన పార్టీ సెనేట్ అభ్యర్థికి లక్షా ఇరవై వేలు తక్కువ. మా రాష్ట్రం ఎరుపా, నీలమా అని టీవీవాళ్ళు అడిగినప్పుడల్లా నాకు ఆ మామ్మగారే గుర్తొస్తారు.

ఆ రాత్రి ఎనిమిదికి తలుపులు మూసి, పుస్తకంలో సంతకాల లెక్కా, మిషన్లో కాగితాల లెక్కా సరిచూసి, సంచీకి సీలు వేసి, అవతలి పార్టీ ఇన్‌స్పెక్టరుతో కలిసి క్లర్కు ఆఫీసుకి తీసుకెళ్ళాను. తొమ్మిదిన్నర అయింది. పోలింగు రోజునే పేరు నమోదు చేసుకుని ఓటు వేసే హక్కు 2018 నుంచి మా రాష్ట్రంలో ఉంది, ఎనిమిదిలోపు వరసలో నిలబడితే చాలు. ఆ వరస ఇంకా తెమలలేదు. అందులోంచి తెలుగు వినిపించింది. "ప్రమాణం చేసి వారమే అయిందండీ, కరెంటు బిల్లు తెచ్చాను, సరిపోతుందంటారా?" అని ఒక అబ్బాయి ముందున్నాయన్ని అడుగుతున్నాడు. సరిపోతుందని నేనే చెప్పాను.