అణుకేంద్రముల చుట్టును పాలను ఏల పరీక్షింతురు?

కోరుట్ల ప్రాంతపు సభ్యులొకరు మొన్న మమ్ము నిట్లడిగిరి: "అణుకేంద్రాల దగ్గరి ఊళ్లల్ల పాలు, గింజలు పరీక్షకు పట్టుకపోతరంట. విషమున్నట్టే గద అయ్యా?" ఈ సందేహము జగిత్యాల, సిరిసిల్ల సభ్యులకును కలుగవచ్చును గావున నిచ్చట వివరించుచున్నాము.

కొన్ని పరమాణువులు తమంతట తామే విచ్ఛిన్నమగుచు కిరణములను వెదజల్లును. దీనినే రేడియోధార్మికత యందురు. సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైనచో అది ఒక బెక్వెరెల్. ఇది అణుకేంద్రములతోనే పుట్టినది కాదు. మన గుట్టల గ్రానైటు రాతిలో యురేనియము, థోరియము స్వల్పముగా నున్నవి. మీరు పొలమునకు మోయు పొటాష్ బస్తానే చూడుడు. 50 కిలోల బస్తాలో పొటాషియము సుమారు 25 కిలోలు. గ్రామునకు 31 బెక్వెరెళ్ల వంతున లెక్కించిన ఏడున్నర లక్షలకు పైబడును! లీటరు పాలలో సైతము పొటాషియము వలననే 40కి పైగా నుండును. దీనికి వెరవ నక్కరలేదు. ఇది సృష్టిలో మొదటినుండియు నున్నదే.

కాబట్టి యంత్రము టిక్కుటిక్కు మన్నంత మాత్రమున ఏమియు తేలదు. ఆ కిరణము ఏ పదార్థమునుండి వచ్చుచున్నది, కేంద్రము రాకమునుపు అచ్చట ఎంత యుండెను అను రెండు సంగతులు తెలియవలయును. చెన్నైకి దక్షిణముననున్న కల్పాక్కములో 1971లో అణు పరిశోధన కేంద్రము నెలకొన్నది. అట్టి చోట్ల భాభా అణు పరిశోధన కేంద్రమువారి పర్యావరణ పరిశీలనశాలలు గాలి, నీరు, మన్ను, గడ్డి, చేపలు, ధాన్యము, పాలు సేకరించి కొలుచుచుండును.

వీనిలో పాలకు విశేషము కలదు. ఆవు దినమెల్ల మేసి, ఎంతో నేలమీది గడ్డిపై పడినదానిని ఒక చెంబెడు పాలలోనికి తెచ్చును. రేడియోధార్మిక అయోడిన్ ఆ దారినే బిడ్డల గొంతులోని థైరాయిడ్ గ్రంథిని చేరును. 1957 అక్టోబరులో ఇంగ్లండు దేశపు విండ్‌స్కేల్ కేంద్రమున అగ్నిప్రమాదము జరిగెను. పాలను పరీక్షింపగా ఆ యయోడిన్ కనబడెను. సుమారు 500 చదరపు కిలోమీటర్ల ప్రాంతపు పాలను కొన్ని వారములు పారబోసిరి. పాడిరైతునకు ఇంతకన్న కడుపుకోత యేమున్నది! అయినను ఆ యయోడిన్ ప్రతి 8 దినములకు సగము చొప్పున తగ్గునది గావున మరల ఆ పాలు పనికివచ్చెను.

మన తెలుగు సీమలో కడప జిల్లా తుమ్మలపల్లెయందు యురేనియము గని కలదు. వ్యర్థముల చెరువువలన తమ బోరునీరు చెడినదని చుట్టుపట్ల రైతులు మొరపెట్టుకొనిరి, సంస్థవారు కాదనిరి. ఇట్టి వాదములలో పూర్వపు లెక్క చేతలేని రైతు మాట తేలిపోవును. పాలు తీసికొనువారు ఫలితమును పాలిచ్చినవానికి తెలుగున తెలుపుట మర్యాదయని మా యభిప్రాయము.

మనవైపు గ్రానైటు నేలలోని బోర్లకు ఫ్లోరైడు పరీక్ష చేయించునపుడు యురేనియము పరీక్షను గూడ కోరుడు. త్రాగునీటిలో భారత ప్రమాణముల సంస్థవారి హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. తేదీ, బోరు లోతు వ్రాయించి ఆ కాగితమును పట్టాదారు పుస్తకముతోబాటు పెట్టెలో భద్రపరచుడు.