చేప కడుపులో గింజ

అమెరికాలో కొలంబియా అనే పెద్ద నది ఉంది. ఆ నదిలో, దాని ఉపనదుల్లో సాల్మన్ చేపలు గుడ్లు పెడతాయి. పిల్లలు ఈదుకుంటూ సముద్రానికి పోతాయి. దారిలో ఆనకట్టలు అడ్డం. కొన్నయితే ఎనిమిది దాటాలి. కరెంటు తీసే చక్రాల్లో పడి కొన్ని చచ్చిపోతాయి.

ఏ దారిన పోయినవి బతికాయి? నీళ్లలో చేపల్ని లెక్కపెట్టడం ఎవరి తరం?

1980 తర్వాతి ఏళ్లలో ఒక ఉపాయం దొరికింది. బియ్యపు గింజంత గాజు గొట్టాన్ని సూదితో చేపపిల్ల కడుపులోకి ఎక్కించారు. అందులో బ్యాటరీ లేదు. ఆనకట్ట దగ్గర చేపలు పోయే కాలువ చుట్టూ తీగచుట్ట ఉంటుంది. చేప అందులోంచి పోగానే గింజకు శక్తి అందుతుంది. వెంటనే తన నంబరు చెబుతుంది. ఒక్కో చేపకు ఒక్కో నంబరు.

చిన్న కాలువలో ఇది సులువే. గేట్ల కింద దూకే నీళ్లు వెడల్పు, వేగం ఎక్కువ. గింజ గొంతేమో చిన్నది. స్నేక్ ఉపనది మీది లోయర్ గ్రానైట్ ఆనకట్టలో, నీళ్లు జారే కాంక్రీటులోనే తీగలు పరిచి ఆ గొంతు వినేసరికి 2020 వచ్చింది.