రేకుల దుమ్ము, రెండేళ్ల గడువు: అపోహలు – వాస్తవాలు

సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో, బ్రేకు లైనింగుల తయారీలో, బాయిలర్ పైపులకు తొడుగు చుట్టే పనిలో ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చినవారికి జబ్బు వెంటనే బయటపడదు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టాసిస్ పదేళ్లకో ఇరవై ఏళ్లకో కనిపిస్తుంది. ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథెలియోమా క్యాన్సర్‌కు ముప్ఫై, నలభై ఏళ్లు కూడా పట్టవచ్చు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఈ ఖనిజాన్ని ఒకప్పుడు తవ్వేవారు కూడా. అప్పట్లో దుమ్ములో పనిచేసినవారు ఇప్పుడు పెద్దవయసులో ఉంటారు. పరిహారం అడగడానికి చట్టం ఇచ్చిన గడువేమో రెండేళ్లు. ఆ రెండేళ్లు ఎప్పటి నుంచి లెక్క అన్నదగ్గరే అపోహలన్నీ పుట్టుకొస్తాయి.

అపోహ: పని మానేసి పదేళ్లయింది. గడువు ఎప్పుడో దాటిపోయింది.

వాస్తవం: దుమ్ము పీల్చిన రోజు నుంచి లెక్క మొదలుకాదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం వృత్తిరీత్యా వచ్చే జబ్బును కూడా ప్రమాదంగానే చూస్తుంది. జబ్బు వల్ల పనికి రాలేక వరసగా ఆగిపోయిన మొదటి రోజే 'ప్రమాదం' జరిగిన రోజు. పనికి వెళ్తూనే పాక్షికంగా శక్తి కోల్పోయినవారికి, యజమానికి ఆ సంగతి తెలిపిన రోజు నుంచి లెక్క. ఉద్యోగం వదిలిన రెండేళ్లలోపు లక్షణాలు కనిపిస్తే, వాటిని మొదట గుర్తించిన రోజు నుంచి లెక్క. ఉద్యోగం మానేశాక వచ్చిన జబ్బు ఆ పని వల్లే వచ్చిందని రుజువు చేస్తే దానికీ పరిహారం ఉందని మూడో సెక్షన్ చెబుతోంది. అయితే ఇరవై ఏళ్ల తర్వాత బయటపడే జబ్బుకు ఈ లెక్కల్లో ఏదీ చక్కగా అతకదు. చట్టంలోని ఈ లోటును పూడ్చే దారి కింది జవాబులో ఉంది.

అపోహ: రెండేళ్లు దాటితే ఇక దరఖాస్తు తీసుకోరు.

వాస్తవం: తగిన కారణం చూపిస్తే ఆలస్యంగా వచ్చిన దరఖాస్తునూ విచారించే అధికారం పరిహార దరఖాస్తులు చూసే కమిషనర్‌కు ఉంది. అది ఆయన విచక్షణ మీద ఆధారపడినది కాబట్టి కారణాన్ని కాగితాలతో నిరూపించాలి. ఆస్బెస్టాసిస్‌లోనూ దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో మచ్చలు ఉంటాయి. వాటిని చూసి టీబీ అనుకుని నెలల తరబడి మందులు వాడించడం మన దగ్గర కొత్త కాదు. అలాంటప్పుడు పాలిథిన్ కవర్లో దాచిన టీబీ కార్డు, కళ్లెలో క్రిములు లేవని చెప్పే ల్యాబు చీటీ, అసలు జబ్బు పేరు మొదటిసారి రాసిన డాక్టరు కాగితం ఈ మూడూ కలిస్తే ఆలస్యం ఎందుకు జరిగిందో చెప్పేస్తాయి. ఏ చీటీనీ పారేయకండి. ప్రతిదాని మీదా తేదీ ఉందో లేదో చూసుకోండి.

అపోహ: కంపెనీకి ముందే నోటీసు ఇవ్వలేదు కాబట్టి కేసు నిలవదు.

వాస్తవం: వీలైనంత త్వరగా నోటీసు ఇవ్వాలన్నది నిజమే. పేరు, చిరునామా, జబ్బుకు కారణం, తేదీ మామూలు మాటల్లో రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే చాలు. ఆ నోటీసులో లోపం ఉన్నా, అసలు ఇవ్వకపోయినా, సంగతి యజమానికి మరో దారిలో తెలిసి ఉంటే ఆ ఒక్క కారణంతో దరఖాస్తును కొట్టేయడానికి లేదు.

అపోహ: పాత రికార్డులు ఉండవు. అక్కడ పనిచేశామని ఎలా చూపిస్తాం?

వాస్తవం: అహ్మదాబాద్‌కు చెందిన కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1995 జనవరి 27న తీర్పు చెప్పింది. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా ఉద్యోగం ముగిశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. రిటైరైన తర్వాత కూడా ఆరోగ్యం, వైద్యం కార్మికుడి ప్రాథమిక హక్కేనని స్పష్టం చేసింది. కాబట్టి మీ ఆరోగ్య రికార్డు కాపీ ఇమ్మని లిఖితపూర్వకంగా అడగండి. పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు, జీతం చీటీ, తోటి కార్మికుడి సాక్ష్యం కూడా పనికొస్తాయి.

అపోహ: మనిషి పోయాక హక్కు కూడా పోయినట్టే.

వాస్తవం: జబ్బు వల్ల మరణిస్తే భార్యాబిడ్డలు, ఇతర ఆధారితులు మరణించిన తేదీ నుంచి రెండేళ్లలోపు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా కూడా చట్టం జాబితాలో ఉన్నాయి. కర్మకాండల హడావుడిలో బయాప్సీ రిపోర్టు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు పోకుండా చూసుకోవాలి.

అపోహ: ఈఎస్ఐ ఉన్నా కంపెనీ నుంచి వేరే పరిహారం రాబట్టుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. ఈఎస్ఐ పరిధిలో ఉన్న కార్మికుడు అదే జబ్బుకు యజమాని నుంచి పరిహారం కోరడాన్ని ఈఎస్ఐ చట్టం 53వ సెక్షన్ అడ్డుకుంటుంది. వైకల్య ప్రయోజనం ఈఎస్ఐ నుంచే రావాలి. దాని మీద వివాదం వస్తే ఉద్యోగుల బీమా కోర్టుకు వెళ్లాలి. అక్కడ గడువు మూడేళ్లు.

అపోహ: నెట్‌లో చూసిన గడువే మనకూ వర్తిస్తుంది.

వాస్తవం: ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించేవి అమెరికా గడువులు. అవి రాష్ట్రానికో రకం. కాలిఫోర్నియాలో ఏడాది, న్యూయార్క్‌లో మూడేళ్లు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లకు అవి ముఖ్యం, ఇక్కడి కార్మికులకు కావు. గడువు ఎప్పటి నుంచి లెక్క అన్న చిక్కును అక్కడి కోర్టులూ ఎదుర్కొన్నాయి. 1973లో ఆస్బెస్టాసిస్ తేలిన ఒక కార్మికుడికి 1978లో మెసోథెలియోమా బయటపడింది. మొదటి జబ్బుతో రెండోదాని గడువు మొదలైపోదని 1982లో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. ఆ తీర్పు రాసింది, తర్వాత అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్.

పైన చెప్పిన పాత చట్టాల స్థానంలో మన దేశంలో 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. పరిహార దరఖాస్తుకు రెండేళ్ల గడువు అందులోనూ ఉంది. మీ కేసుకు పాత చట్టమా, కొత్త కోడా అన్నది జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగి తెలుసుకోండి. కార్మికులకు అక్కడ న్యాయసహాయం ఉచితం. డాక్టరు జబ్బు పేరు చెప్పిన వారంలోనే నోటీసు పంపండి. గడువు దాటిందో లేదో మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. అది చెప్పాల్సింది అధికారి, మీరు చేయాల్సింది దరఖాస్తు.