గడ్డపాఱ మొన యేల విఱుగును?

వనస్థలిపురము రైతుబజారునకు కూరగాయలు దెచ్చు సభ్యులు కొందఱు, క్రొత్తగా సాగగొట్టించిన గడ్డపాఱ మొన నెల తిరుగకయే చిట్లిపోవుచున్నదని మాతో మొఱపెట్టుకొనిరి. ఉక్కు నాసిదని కొందఱును, కమ్మరి మోసపుచ్చెనని కొందఱును తలంచుచున్నారు. తఱచుగా దోషము ఉక్కునందు గాక కాపునందే యుండును.

ఉక్కనగా కొంచెము కార్బను కలిసిన యినుము. కంటికి ఒకే ముద్దగా దోచినను, సూక్ష్మదర్శినితో జూచినచో రేణువుల కూర్పుగా నగపడును. రేణువులు సన్నముగా నున్నచో పగులు అడుగడుగునను ఆగి దారి మార్చుకొనవలెను. కొలిమిలో తెల్లగా మండునంత కాచినచో అవి లావెక్కి పగులునకు సులువైన బాట యేర్పడును. ఎఱ్ఱగా కాల్చి నీట ముంచినపుడు, కార్బను కదలుటకు వ్యవధి లేక లోపలనే చిక్కుకొనును. ఉక్కు మిక్కిలి గట్టిపడును గాని గాజువలె పెళుసగును. ఈ స్థితికి మార్టెన్సైటని పేరు. మరల మెల్లగా కాచినచో కార్బను కొంత వెలికివచ్చి పెళుసు తగ్గును.

ఈ యోర్పు మన పూర్వులకు తెలిసినదే. నిజామాబాదు జిల్లా కోనసముద్రము ఉక్కును పారశీక వర్తకులు కొనిపోయెడివారు. అచ్చటి పనిని గూర్చి వాయిసీ యను వైద్యుడు వ్రాసిన వృత్తాంతము 1832 లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు వెలువడెను. అచ్చటివారు ఉక్కు బిళ్లలకు మట్టి పూసి, పలుమార్లు కాచి చల్లార్చి, మెత్తబడిన పిమ్మటనే సాగగొట్టెడివారట. ఈ జాతి ఉక్కును తెల్లని వేడిలో కొట్టిన ఐరోపా కమ్మరుల సుత్తిక్రింద అది పొడియయ్యెను.

కావున కమ్మరియొద్ద నిలిచి యీ క్రమము చేయింపవలెను. ఉక్కు అయస్కాంతమునకు అంటుకొనుట సుమారు 770 డిగ్రీలవద్ద మానును. అటుపై కొంచెము మాత్రమే కాచి ముంచవలెను. కమాను పట్టీతో చేసిన పనిముట్టును నీటికంటె నూనెలో ముంచుట మేలు. పిదప మొనను రాతిపై రుద్ది మెఱయించి మెల్లగా కాచినచో, ముందు గడ్డివన్నె, తరువాత ఊదా, ఆపై నీలము తోచును. కొడవలిని గడ్డివన్నె ముదురుచుండగనే తీయవలెను. దెబ్బలు తినెడి గడ్డపాఱను నీలము వచ్చువఱకు, అనగా సుమారు 300 డిగ్రీలవఱకు, ఉంచవలెను.

విఱిగిన ముక్కను పాఱవేయకుడు. విఱిగినచోట ముతకగా తళతళలాడినచో అతిగా కాచినారని యెఱుగునది. సన్నగా బూడిదవన్నెతో నున్నచో రేణువులు చక్కగా నున్నవి. కమ్మరిని నిందింపక ఆ ముక్కను ఆతనికి చూపుడు. కొత్త మొనకగు వ్యయము స్వల్పమే. ఎగిరిన ముక్క కంటికి తగిలినచో ఆ నష్టమును ఏ సంఘమును తీర్పజాలదు.